ఈఎల్34 సాకెట్లో కేటీ88: పట్టడం వేరు, పని చేయడం వేరు

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. మీ దగ్గర నాలుగు ఈఎల్34 పవర్ ట్యూబులతో నడిచే పుష్-పుల్ (జంటలో రెండు ట్యూబులు వంతులవారీగా పనిచేసే) స్టీరియో ఆంప్ ఉంది. అల్ట్రాలీనియర్ కనెక్షన్ (స్క్రీన్ గ్రిడ్‌ని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మధ్యలో కలిపే పద్ధతి), ఫిక్స్‌డ్ బయాస్ (కంట్రోల్ గ్రిడ్‌కి విడిగా ఇచ్చే మైనస్ వోల్టేజీ), దాన్ని సరిచేయడానికి ఒక్కో ట్యూబుకి ఒక్కో ప్రీసెట్ (తిప్పే చిన్న రెసిస్టర్), క్యాథోడ్‌లో 10 ఓమ్స్ రెసిస్టర్, ప్లేట్ మీద 440 వోల్టులు, రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చే ట్యూబు) జీజెడ్34. ఆ 10 ఓమ్స్ మీద 0.4 వోల్టులు వచ్చేలా, అంటే ట్యూబుకి 40 మిల్లీయాంప్స్ పోయేలా, పెట్టుకోమని మాన్యువల్ చెబుతోంది. స్నేహితుడొకరు నాలుగు కేటీ88లు ఇచ్చారు, ఇంట్లో పాత 6ఎల్6జీసీలు కూడా నాలుగున్నాయి. అన్నిటికీ అదే ఎనిమిది పిన్నుల సాకెట్. మార్చి పెట్టొచ్చా, పెడితే పవర్ పెరుగుతుందా, సౌండ్ ఎలా మారుతుంది?

ముందు పొట్టి జవాబు. బయాస్ వోల్టేజీ అక్కడిదాకా వెళ్తే కేటీ88లు పెట్టుకోవచ్చు. పవర్ మాత్రం చెవికి ఆనేంత పెరగదు. 6ఎల్6జీసీలు మీ ఆంప్‌లో వద్దనే అంటాను. ఇక ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

నా మొదటి ఆంప్ కూడా ఈఎల్34లదే. చేతిలో మీటర్ లేని రోజుల్లో, సాకెట్ ఒకటే కదా అని నాలుగు 6ఎల్6జీసీలు గుచ్చేసి పాట పెట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలు బాగానే ఉంది. నిజం చెప్పాలంటే, పాత ట్యూబుల కంటే బాగుందనిపించింది కూడా. లైటు ఆర్పగానే అసలు సంగతి బయటపడింది. వెనక వరసలో ఎడమవైపు ట్యూబు ప్లేటు అతుకు పొడవునా పండు మిరపకాయ రంగులో ఒక చార. చూస్తుండగానే అది వెడల్పవుతోంది. స్విచ్ ఆపడానికి నేను లేచేలోపే స్క్రీన్ రెసిస్టర్ పొగ కక్కింది. రెండు ట్యూబులు పోయాయి, ట్రాన్స్‌ఫార్మర్ బతికి బయటపడింది. ఈఎల్34కి ఆ ఆంప్‌లో మైనస్ 36 వోల్టుల బయాస్ సరిపోయేది. 6ఎల్6కి అదే ప్లేట్ వోల్టేజీ దగ్గర ఇంకో పది వోల్టులు కిందికి కావాలి. అది లేక ట్యూబు తలుపులు బార్లా తెరిచినట్టు కరెంటు వదిలేసింది.

అందుకే సాకెట్ సంగతి పక్కన పెట్టి ఒక్కో విషయం చూద్దాం.

మొదట పిన్నులు. 2, 7 హీటరు, 3 ప్లేటు, 4 స్క్రీన్ గ్రిడ్, 5 కంట్రోల్ గ్రిడ్, 8 క్యాథోడ్. ఇంతవరకు ఈ కుటుంబమంతా ఒకటే. తేడా 1వ పిన్ను దగ్గరే. ఈఎల్34 నిజమైన పెంటోడ్ (మూడు గ్రిడ్ల ట్యూబు) కాబట్టి దాని మూడో గ్రిడ్ 1వ పిన్నుకి వస్తుంది, బయట దాన్ని 8కి కలపాలి. 6ఎల్6, కేటీ88లాంటి బీమ్ ట్యూబుల్లో మూడో గ్రిడ్‌కి బదులుగా ఉండే బీమ్ ప్లేట్లు లోపలే క్యాథోడ్‌కి కలిసి ఉంటాయి. అడుగున లోహపు కట్టు ఉన్న కేటీ88ల్లో 1వ పిన్ను ఆ కట్టుకి వెళ్తుంది. మీది ఈఎల్34 ఆంప్ కనుక 1, 8 కలిపే ఉంటాయి, ఇటునుంచి అటు వెళ్లడానికి ఇబ్బంది లేదు. ప్రమాదం ఎదురు దిశలో ఉంది. 6ఎల్6 కోసం కట్టిన ఆంపుల్లో, ముఖ్యంగా గిటార్ ఆంపుల్లో, ఖాళీగా ఉంది కదా అని 1వ పిన్నుని రెసిస్టర్లు సోల్డర్ చేసుకునే మేకులా వాడేస్తారు. అక్కడ ఈఎల్34 పెడితే మూడో గ్రిడ్ మీదికి ఏ వోల్టేజీ వస్తుందో ఆ వైరింగు వేసినాయనకే తెలియాలి. మీది కూడా ఒకసారి తిరగేసి చూసుకోండి, రెండు నిమిషాల పని.

హీటర్ల లెక్క తేలిక. ఈఎల్34కి 1.5 యాంప్స్, నాలుగింటికి 6. కేటీ88కి 1.6, నాలుగింటికి 6.4. ఆ 0.4 యాంప్స్‌కి మంచి ట్రాన్స్‌ఫార్మర్ గుండె జారదు. అదే కేటీ120 అయితే ఒక్కోటి దాదాపు 2 యాంప్స్ దాకా లాగగలదు, కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. 6ఎల్6జీసీకి 0.9 మాత్రమే. నాలుగు పెడితే 3.6 యాంప్స్, లోడు తగ్గి హీటరు వోల్టేజీ పైకి లేస్తుంది. ఏ ట్యూబు పెట్టినా 2, 7 పిన్నుల మధ్య ఏసీ వోల్టేజీ కొలవండి. 6.3కి అటూ ఇటూ 5 శాతంలో ఉంటే నిశ్చింత. ఇళ్లలో మెయిన్స్ వోల్టేజీ ఎక్కువగా వచ్చేచోట పాత ఆంపుల్లో ఇది 6.8 దాటడం నేనే చూశాను.

ఇప్పుడు అసలు విషయం, బయాస్. 440 వోల్టుల దగ్గర అల్ట్రాలీనియర్‌లో 40 మిల్లీయాంప్స్ రావడానికి ఈఎల్34కి సుమారు మైనస్ 38 నుంచి 42 కావాలి. 6ఎల్6జీసీకి మైనస్ 45 నుంచి 48. కేటీ88కి మైనస్ 55 చుట్టుపక్కల. ఇవి ట్యూబుని బట్టి, తయారీని బట్టి అటూ ఇటూ అవుతాయి, కానీ వరస మారదు. మైనస్ ఎంత పెరిగితే కరెంటు అంత తగ్గుతుంది. కాబట్టి ఈఎల్34కి సరిచేసి ఉన్న ప్రీసెట్‌ని ముట్టుకోకుండా కేటీ88 గుచ్చితే, నా మిరపకాయ కథే మీ ఇంట్లోనూ జరుగుతుంది.

మీ బయాస్ ఎంత దూరం వెళ్తుందో కేటీ88 పెట్టకుండానే తెలుసుకోవచ్చు. ఈఎల్34లు ఉండగానే ప్రీసెట్‌ని మైనస్ బాగా పెరిగే వైపు చివరిదాకా తిప్పండి. ట్యూబుల కరెంటు తగ్గుతుంది తప్ప వాటికేమీ కాదు. 10 ఓమ్స్ మీద రీడింగు తగ్గుతోందంటే సరైన వైపే తిప్పుతున్నట్టు. ఇప్పుడు ప్రీసెట్ మధ్య కాలు దగ్గర, గ్రౌండుకి పోల్చి డీసీ వోల్టేజీ కొలవండి. 5వ పిన్ను దగ్గర కొలవమని చాలామంది చెబుతారు, నేను చెప్పను. దాని పక్కనే 4వ పిన్ను, దాని మీద 440 వోల్టులు. ప్రోబు మొన అటు నుంచి ఇటు జారిందంటే గ్రిడ్ మీదికి హైటెన్షన్ ఎక్కుతుంది, ట్యూబు ఆ క్షణంలోనే పోతుంది. నల్ల ప్రోబుకి క్రొకడైల్ క్లిప్పు తగిలించి ఛాసిస్‌కి పట్టించండి, ఎర్రది కుడి చేత్తో పట్టుకోండి, ఎడమ చెయ్యి జేబులో ఉంచండి. ఎడమ చెయ్యి మాట ఊరికే చెప్పలేదు. షాకు కొడితే కరెంటు ఒక చేతినుంచి ఇంకో చేతికి గుండె మీదుగా పోకూడదు. స్విచ్ ఆపినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జి నిలిచే ఉంటుంది, సోల్డరింగు చేయబోయే ముందు రెసిస్టర్ ద్వారా దాన్ని దించి, సున్నాకి వచ్చిందని మీటరుతో చూసుకోవాలి.

ఆ చివర మీకు మైనస్ 60 వస్తే దారి సుగమం. మైనస్ 45 దగ్గరే ఆగిపోతే కేటీ88లు అలమారలోనే ఉండనివ్వండి. బయాస్ సప్లైలో రెసిస్టర్ విలువ మార్చి పరిధి పెంచవచ్చు, కానీ ముందు అక్కడి ఫిల్టర్ కెపాసిటర్ల రేటింగు చూడాలి. 63 వోల్టుల కెపాసిటర్ మీద 70 నిలబెడితే అది ఎన్నాళ్లుంటుందో చెప్పలేం, అది పోయిన రోజు బయాస్ పోతుంది, నాలుగు ట్యూబులూ ఒకేసారి ఎర్రబడతాయి.

బయాస్ కుదిరిందనుకుందాం. ఎంత కరెంటు పెట్టాలి? ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ప్లేటు తట్టుకునే వేడిలో 70 శాతం దగ్గర పెట్టాలని ఒక వాడుక లెక్క ఉంది. ఈఎల్34 ప్లేటు 25 వాట్లు తట్టుకుంటుంది, అందులో 70 శాతం 17.5. మీ 440 వోల్టుల్ని 40 మిల్లీయాంప్స్‌తో గుణిస్తే 17.6. అంటే మీ మాన్యువల్ రాసినవాళ్లు ఆ లెక్కే వేశారు. కేటీ88 పాత రేటింగులో 35 వాట్లు, గరిష్ఠ లెక్కలో 42. అందులో 70 శాతం అంటూ 29 వాట్లు పెడితే ఒక్కో ట్యూబుకి 66 మిల్లీయాంప్స్, నాలుగింటికి 264. ఇప్పటిదాకా మీ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ నిలకడగా ఇస్తున్నది 160. జీజెడ్34 గరిష్ఠంగా ఇవ్వగలిగేది 250, అందులోంచే ఈ పవర్ ట్యూబుల్ని నడిపే డ్రైవర్ ట్యూబులకీ పోవాలి. ట్యూబు తట్టుకుంటుంది సరే, దాని వెనకున్నవాళ్ల మాటేమిటి?

అమెరికన్ కంపెనీ డైనకో వాళ్ల రెండు ఆంపుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1959లో వచ్చిన స్టీరియో 70లో నాలుగు ఈఎల్34లకి ఒక జీజెడ్34. జంటకి ఒకటి చొప్పున 15.6 ఓమ్స్ రెసిస్టర్, దాని మీద 1.56 వోల్టులు, అంటే ట్యూబుకి 50 మిల్లీయాంప్స్. (కొత్త టార్చిలైటు సెల్లు కూడా దాదాపు అంతే వోల్టేజీ చూపిస్తుంది, మీటరుని దానితో సరిచూసుకోవచ్చు.) వాళ్లే కేటీ88లు వాడిన మార్క్ 3లో రెండు ట్యూబులకే ఒక పవర్ ట్రాన్స్‌ఫార్మర్, ఒక జీజెడ్34 కేటాయించారు. అక్కడ రెసిస్టర్ 11.2 ఓమ్స్, అదే 1.56 వోల్టులు, ట్యూబుకి 70 మిల్లీయాంప్స్. కేటీ88 నుంచి కేటీ88 పని రాబట్టాలంటే ఇనుమూ రాగీ అంత పెట్టాలని వాళ్లకి తెలుసు. ఆ స్టీరియో 70ల్లో కేటీ88లు గుచ్చి 70 మిల్లీయాంప్స్ దగ్గర పెట్టుకున్నవాళ్లకి పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి ఆనించడానికి ఉండదు.

మీ ఆంప్‌లో నేనైతే కేటీ88ని 40 దగ్గర మొదలుపెట్టి 45కి మించనివ్వను. 45 అంటే 20 వాట్లు, ఆ ట్యూబుకి సగం పని. చల్లగా ఉంటుంది, చాలా కాలం బతుకుతుంది. ‘కోల్డ్ బయాస్’ అని ఎవరైనా వెక్కిరిస్తే పట్టించుకోకండి. క్రాసోవర్ డిస్టార్షన్ (ఒక ట్యూబు నుంచి ఇంకోదానికి వంతు మారేచోట వచ్చే వక్రీకరణ) వినిపిస్తే అప్పుడు చూద్దాం, 45 దగ్గర వినిపించదు.

పవర్ సంగతి చూద్దాం. వాట్లు పుట్టేది ట్యూబు మీది అంకెలోంచి అనుకుంటారు. నిజానికి సప్లై వోల్టేజీ, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఇంపెడెన్స్, ఈ రెండూ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. ఉదాహరణకి మీ ట్రాన్స్‌ఫార్మర్ ప్లేటు నుంచి ప్లేటుకి 6,600 ఓమ్స్ అనుకోండి. గట్టి స్వరం వచ్చినప్పుడు ఒక ట్యూబే పని చేస్తుంది, దానికి కనిపించే లోడు అందులో నాలుగో వంతు, 1,650. ప్లేటు 440 నుంచి 60 దాకా దిగగలిగితే ఊపు 380 వోల్టులు, కరెంటు శిఖరం 230 మిల్లీయాంప్స్, పవర్ 43 వాట్ల చిల్లర. ఈ లెక్కలో ట్యూబు పేరు ఎక్కడా రాలేదు చూశారా. కేటీ88 ఇంకొంచెం కిందికి దిగగలదు కాబట్టి కాస్త ఎక్కువ రావచ్చు. 40 వాట్లు 48 అయ్యాయనే అనుకుందాం, పెరిగింది 0.8 డెసిబెల్. వాల్యూమ్ నాబు గోటితో కదిపినంత. కేటీ88 జంటకి 100 వాట్లు వస్తాయని కేటలాగుల్లో ఉన్నది అబద్ధం కాదు, కానీ అక్కడ సప్లై 500 దాటి ఉంటుంది, లోడు వేరు.

గ్రిడ్ లీక్ రెసిస్టర్ (కంట్రోల్ గ్రిడ్‌కి బయాస్ అందించే రెసిస్టర్) గురించి ఎవరూ చెప్పరు, అందుకని చెప్తున్నా. ఈఎల్34 ఫిక్స్‌డ్ బయాస్‌లో 500 కిలో ఓమ్స్ దాకా ఒప్పుకుంటుంది. కేటీ88కి ఎక్కువ వేడి దగ్గర 100 కిలో ఓమ్స్, మనం పెట్టే 20 వాట్ల దగ్గర 220 దాకా పర్వాలేదు. చూడటానికి కేటీ88కి కవల సోదరుడిలా ఉండే 6550 మాత్రం 50 కిలో ఓమ్సే అడుగుతుంది. గ్రిడ్ నుంచి చిన్న లీకేజీ కరెంటు ఎప్పుడూ కారుతుంటుంది. రెసిస్టర్ పెద్దదైతే ఆ కరెంటే బయాస్‌ని ప్లస్ వైపు నెడుతుంది, ట్యూబు ఇంకా వేడెక్కుతుంది, లీకేజీ ఇంకా పెరుగుతుంది. గంటసేపు బాగా పాడి తర్వాత ఎర్రబడే ఆంపుల్లో చాలావాటి జబ్బు ఇదే. మీ దాంట్లో 220 ఉంటే కేటీ88కి మార్చక్కర్లేదు. 470 ఉంటే తగ్గించాలి, కానీ తగ్గిస్తే డ్రైవర్ మీద లోడు పెరుగుతుంది, బేస్ కూడా ఇంకా పై ఫ్రీక్వెన్సీ దగ్గరే తెగడం మొదలవుతుంది. 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్‌తో 220 కిలో ఓమ్స్ అయితే 7 హెర్ట్జ్, 100 అయితే 16. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి ఇన్‌పుట్ వైపు పంపే ఏర్పాటు) ఉన్న ఆంప్‌లో అలా కదిలిస్తే ఒక్కోసారి వూఫర్ కోన్ దానంతటదే నెమ్మదిగా ఊగడం మొదలెడుతుంది.

డ్రైవర్ అంటే గుర్తొచ్చింది. మైనస్ 40 బయాస్ ఉన్న ట్యూబుని పూర్తిగా నడపడానికి గ్రిడ్ మీద 40 వోల్టుల శిఖరం చాలు, మైనస్ 55 అయితే 55 కావాలి. మీ డ్రైవర్ అంత ఇవ్వలేకపోతే ముందు అదే క్లిప్ అవుతుంది, కేటీ88 చూస్తూ కూర్చుంటుంది.

6ఎల్6జీసీలు ఎందుకు వద్దన్నానంటే, దాని స్క్రీన్ గరిష్ఠం 450 వోల్టులు, 5 వాట్లు. అల్ట్రాలీనియర్‌లో స్క్రీన్ మీద దాదాపు ప్లేటంత వోల్టేజీ ఉంటుంది, మీకు 440. హీటర్ల లోడు తగ్గి, మెయిన్స్ కాస్త పెరిగిన రోజు అది 450 దాటుతుంది. పైగా దాని ట్రాన్స్‌కండక్టెన్స్ (గ్రిడ్ మీద ఒక వోల్టు మారితే ప్లేటు కరెంటు ఎంత మారుతుందనే లెక్క) వోల్టుకి 6 మిల్లీయాంప్స్ లోపు, ఈఎల్34ది 11. గెయిన్ పడిపోతుంది, దానితో ఫీడ్‌బ్యాకూ తగ్గుతుంది. 6వీ6 కూడా ఇదే సాకెట్లో కూర్చుంటుంది, అది 12 వాట్ల ప్రాణి, మీ 440 వోల్టుల దగ్గర దాన్ని ఊహించుకోవడమే పాపం.

మార్పు వినాలనే కోరిక ఉంటే కేటీ77 ప్రయత్నించండి. హీటరు 1.4 యాంప్స్, ఈఎల్34 బయాస్ పరిధిలోనే కూర్చుంటుంది, స్వభావంలో బీమ్ ట్యూబు. లావు సీసా 6సీఏ7లు కూడా అంతే. 6సీఏ7 అన్నది ఈఎల్34కి అమెరికన్ నంబరే అయినా ఆ లావు సీసాల్లో ఉన్నది బీమ్ నిర్మాణం. ఏది మార్చినా బయాస్ సరిచేయాలి, ఈఎల్34 తీసి ఇంకో ఈఎల్34 పెట్టినా సరే.

కేటీ88లు పెట్టే రోజు ఇలా చేయండి. ప్రీసెట్లన్నీ మైనస్ చివరికి తిప్పి ఉంచండి. స్పీకర్లు తగిలించి ఉండాలి, లోడు లేకుండా ట్యూబు ఆంప్‌ని ఎప్పుడూ నడపకూడదు. వాల్యూమ్ సున్నా. గది చీకటి చేసి ఆన్ చేయండి. గాజు లోపలి గోడ మీద నీలి వెలుగు కనిపిస్తే కంగారు పడొద్దు, అది మామూలే. ఎలక్ట్రోడ్ల మధ్య ఊదా రంగు పొగమంచులా ఉంటే ట్యూబులో గ్యాసు ఉన్నట్టు, పైన వెండిలా మెరిసే పూత తెల్లబడి ఉంటే గాలి దూరినట్టు, రెండిటికీ స్విచ్ ఆపేయండి. రెండు నిమిషాలాగి ఒక్కోటీ 0.25 వోల్టులకి తీసుకురండి. నాలుగో దానికి వచ్చేసరికి మొదటిది మారిపోయి ఉంటుంది, ఎందుకంటే కరెంటు పెరిగేకొద్దీ హైటెన్షన్ కుంగుతుంది. మళ్లీ మొదటినుంచి. ఆ తర్వాత 0.4కి. అరగంట వేడెక్కనిచ్చి ఇంకోసారి, వారం తర్వాత మరోసారి. ఒక జంటలోని రెండు ట్యూబుల మధ్య 2, 3 మిల్లీయాంప్స్ మించి తేడా ఉండకూడదు. తేడా అంతా డీసీగా ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో కూర్చుంటుంది, ముందుగా బేస్ చెడుతుంది. ఇంకో మాట, 10 ఓమ్స్ రెసిస్టర్లని ఆఫ్‌లో ఓమ్‌మీటరుతో ఒకసారి కొలవండి. ఎప్పుడో ఒక ట్యూబు షార్ట్ అయినప్పుడు ఆ రెసిస్టర్ మాడి విలువ పెరిగి ఉంటే మీ 0.4 అబద్ధం చెబుతుంది.

సౌండ్ గురించి. ‘ఈఎల్34 మధ్య స్థాయిలో తీపి, కేటీ88 బేస్‌లో గట్టి’ అని అందరూ అనే మాట నేనూ అనేవాణ్ణి. రెండింటినీ ఒకే కరెంటు దగ్గర, ఒకే వాల్యూమ్‌కి కొలిచి పెట్టి విన్నాక ఆ తేడాలో సగం ఎగిరిపోయింది. చాలామందికి వినిపించేది కొత్త ట్యూబుకీ, అరిగిపోయిన పాత ట్యూబుకీ ఉన్న తేడా. మిగతాది బయాస్ మారడం వల్ల వచ్చింది. మిగిలిన కాస్తంత తేడా మాత్రం నిజమే, బేస్ గిటార్ తీగ మీటి వెంటనే ఆపిన చోట కేటీ88తో నాకు ఆ ఆగడం స్పష్టంగా వినిపిస్తుంది. దానికోసం డబ్బు పెట్టి కొనమని మాత్రం చెప్పను. మీకు ఊరికే వచ్చాయి కాబట్టి ప్రయత్నించండి.

ముందు ప్రీసెట్ మైనస్ చివర ఎన్ని వోల్టులు వస్తున్నాయో, గ్రిడ్ లీక్ ఎంతో, 1వ పిన్ను ఎక్కడికి పోతోందో చూసి రాయండి. ఆ మూడూ తెలిసేదాకా ఈఎల్34లు అక్కడే ఉండనివ్వండి, ప్రీసెట్లని మళ్లీ 0.4కి తెచ్చి.